తలుపు బయట పళ్లెం

కొత్తవాడ, వరంగల్

బిడ్డా అక్షితా,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావని ఈ కాగితం నీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నాకు కరోనా వచ్చి మగ్గం గదిలో ఉన్నప్పుడు ఆ ఫోన్ నీకిచ్చింది నేనే. "జర చూసుకుంట కూసో, ఇటు రాకు" అన్నాను. అయినా పూటపూటకీ నా తలుపు బయట పళ్లెం పెట్టి, "తిన్నవా, అమ్మా?" అని నేను పలికేదాకా నిలబడేదానివి. ఆ పిలుపు కోసమే తిన్నాను.

పద్నాలుగు రోజులకు నేను బయటికొచ్చాను. అప్పటికి నువ్వు ఫోన్‌తో నీ గది తలుపేసుకున్నావు. నాలుగు నెలలైంది. ఆన్‌లైన్ క్లాసులకూ రావట్లేదని మీ టీచర్ చెప్పింది. నా పద్నాలుగు రోజుల గడువు డాక్టర్ చెప్పాడు. నీ గడువు ఎవరినడగాలో తెలియట్లేదు.

పళ్లెం బయట పెట్టాను. నువ్వు పలికేదాకా ఇక్కడే నిలబడతాను.

"తిన్నవా, బిడ్డా?"