పన్నెండో ప్లాస్టిక్ డబ్బా

సంగారెడ్డి,
8 జూలై 2002

అక్క నాగేశ్వరికి, దండం పెట్టడానికి చెయ్యి రాకపోయినా పెడుతూ తమ్ముడు జంగయ్య రాయునది.

మా కిరాయి ఇంటికి సున్నం వేస్తున్నారని నా ట్రంకుపెట్టె మీ ఇంట్లో ఉంచాను. నిన్న తీసుకుపోదామని లక్డారం వస్తే నువ్వు నాట్లకు పోయావు. తెరిచి చూస్తే పన్నెండు డబ్బాల్లో పదకొండే ఉన్నాయి! పన్నెండోదానిలోని రూపాయి చీర పీలికలో మూటకట్టి ఉంది. మీ అత్త ముత్యమ్మను అడిగితే, "రోకలితోని ఒక్కటేసింది బిడ్డా, ఫట్టుమన్నది" అని నవ్వింది. నవ్వే పనేనా ఇది? ఆటో దొరకక ట్రంకు అక్కడే వదిలి వచ్చాను. కడుపు మండిపోతోంది.

ఇట్లు,
జంగయ్య

తా.క. చాయ్ తాగకుండా వచ్చేశాను. అది కోపంతోనే. పాలు విరిగినందుకు కాదు.

---

లక్డారం,
12 జూలై

చిరంజీవి జంగయ్యకు, పెద్దదాన్ని గావట్టి దీవిస్తున్న, లేకుంటే తిట్టకపోదునా!

ఒక్క రూపాయికి గింత లొల్లి ఏందిరా? ట్రంకుల బొద్దింకలు జొచ్చినయని దులుపుతుంటే కనబడ్డది. రాణి బొమ్మ వెండి రూపాయి, పాపం, ప్లాస్టిక్‌ల ఇరుక్కపోయి ఉన్నది. మూత ఎంత ఎతికినా దొరకలే. ఇగ పలగ్గొట్టి తీసిన. నల్లగున్నదని చింతపండుతోని తోమి పెట్టిన. రూపాయి పోయిందా, అరిగిందా? సొంత అక్కను దొంగను చేస్తవా?

ఇట్లు,
నీకంటే ఎక్కువ కోపంతోని,
నాగేశ్వరి

తా.క. మిగిలిన పదకొండు కూడ గట్లనే ఇరుక్కున్నయి. ఇయ్యాల తీరిక లేదు. నాట్లు అయినంక అవి గూడ తీస్త.

---

సంగారెడ్డి,
15 జూలై

అక్కా! ట్రంకు ముట్టకు! దండాలు తర్వాత.

రూపాయి సంగతి ఎవరడిగారు? నేను పోగుచేసేది డబ్బాలు! అమెరికాలో పాత నాణేలను పరీక్షించి, ఎంత మంచివో చీటీ మీద రాసి, చీటీతో సహా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అతికించేస్తారు. మూత ఉండదు. తెరవకూడదు. ఆ పని మొదలైన తొలి ఏళ్ల డబ్బాలు ఇప్పుడు దొరకవు, నీలాంటి వాళ్లు పగలగొట్టేశారు కనుక. పదహారేళ్ల కిందటివి, అద్దంలా ఉన్నాయి, అతుకు కూడా కనబడదు. ఏం పనితనం! హైదరాబాద్ కోఠీలో పాత నాణేలమ్మే సేటు ఏడాది తిప్పించుకుని, మొన్న మే నెలలో పన్నెండూ ఒకేసారి ఇచ్చాడు.

రూపాయిని మంజీరలో పారేయి. నాకు డబ్బా ముక్కలు కావాలి. అవి అందేదాకా నీ గడప తొక్కను. బొంతపల్లి జాతరకు నీ దారి నీది, నా దారి నాది.

ఇట్లు,
జంగయ్య

తా.క. నాకు బుర్ర తక్కువని మీ అత్తతో అనకు. ఇక్కడ నా భార్య అంటోంది, చాలు.

---

లక్డారం,
21 జూలై

తమ్ముడు జంగయ్యకు, ఈసారి మనసార దీవెనలు.

పెంటకుప్పల ఎతికి ముక్కలు ఏరుకొచ్చిన. కడిగి అరుగు మీద ఆరబెడితే, మీ బావ పెంటయ్య డ్యూటీ దిగి వచ్చి చూసిండు. "ఇది మనింటికి ఎట్లొచ్చిందే?" అన్నడు. నీ ఉత్తరం సదివి వినిపించిన.

"అమెరికాదా?" అని ముక్క మూలకు గోరుతోని గీకి చూపిచ్చిండు. ఆవగింజంత బుడిపె. "మా అచ్చుకు ఆడ సొట్ట ఉన్నది. మొన్న శివరాత్రికి ముందర పటాన్‌చెరు ప్లాస్టిక్ షెడ్డుల నేనే మిషన్ మీద కొట్టిన. కోఠీ సేటు ఆర్డరు. సబ్బుపెట్టెలు అనుకున్న!"

ట్రంకు తెరిచి చూసినం. పదకొండింటికీ బుడిపె ఉన్నది. నిన్ను ఏడాది ఎందుకు తిప్పిండో ఇప్పుడు సమజైందా? అచ్చు తయారయ్యేదాక!

నీ మీద కోపం పోయింది తమ్మీ. అంతా ఆ సేటు మీదికి మళ్లింది. వచ్చే ఆదివారం పొద్దున్నే రా, ముగ్గురం కోఠీ పోదాం. మాట్లాడేది నేను.

ఇట్లు,
అక్క నాగేశ్వరి

తా.క. "అద్దంలా ఉన్నాయి, అతుకు కనబడదు, ఏం పనితనం" అని రాసినవ్ గదా, ఆ కాయితం మీ బావ షెడ్డుకు పట్టుకపోయిండు. పద్దెనిమిదేండ్ల నౌకర్ల తన పనిని మెచ్చినోడివి నువ్వొక్కడివేనంట.