అచ్చులో పోయిన ‘నక్కో’

మదనపల్లె,
శుక్రవారం.

అమ్మీకి షాహిదా సలాం.

మేమంతా బాగున్నాం. మా ఆయన దగ్గు తగ్గింది. ఫిజాకు పరీక్షలైపోయాయి, రోజంతా నా కుట్టుమిషను పక్కన కూర్చుని నాకే కుట్టు నేర్పుతోంది. కుప్పంలో నువ్వూ, తమ్ముడు అజ్మల్ ఇంట్లోవాళ్ళూ సుఖంగా ఉండాలని నా దువా.

ఫోనులో చెప్పక మళ్ళీ ఉత్తరమేంటని విసుక్కోకు. ఫోనులో నేను ఏం చెప్పబోయినా “సరే సరే, అన్నం తింటివా?” అని పెట్టేస్తావు. ఈసారి నువ్వు చివరిదాకా వినాలి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా నవలలో అత్తరు పెట్టె గురించి సరిగ్గానే రాశాను. సీసాల మధ్య దూది, మూత లోపల అద్దం, అంతా నీ పెట్టెలాగే. అత్తరమ్మే నా నూర్ బీ పుంగనూరు జమీందార్ల కాలం మనిషి కాబట్టి బస్సులు లేవు, నడిచీ బండ్ల మీదా తిరుగుతుంది. తెలుగూ కన్నడమూ అరవమూ మన ఉర్దూ మాటా అన్నిటిలోనూ బేరమాడుతుంది. మగవాళ్ళ మధ్య కూర్చుని వక్కాకు నములుతూ కోటలో కబుర్లు బయటికీ, బయటి కబుర్లు కోటలోకీ చేరవేస్తుంది. “దానికి రవ్వంత సిగ్గన్నా పెట్టినావా?” అని అడిగావు. పెట్టలేదమ్మీ. నీ దగ్గర చూసుంటే కదా పెట్టడానికి! కోప్పడకు, నవ్వు.

మోకాళ్ళ నొప్పులని అజ్మల్ నిన్ను బస్సెక్కనివ్వడం లేదని రాశావు. వాడితో నేను మాట్లాడతాను. బస్సుల బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్న మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఎలా ఉంటుందో వాడికేం తెలుసు.

ఇక పుస్తకం. అచ్చయి వచ్చింది, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. “నీ పిల్ల చివరికి ఆ గుర్రాల రిసాల్దారుతో పోయిందా, లేదా?” అని ఎన్నిసార్లో అడిగావు. నేనే తప్పించుకుంటూ వచ్చాను.

ఆ చివరి ఘట్టం ఎక్కడిదో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పుంగనూరు బస్టాండు. నాన్న పోయాక నన్నూ అత్తరు పెట్టెనూ వెంటేసుకుని నువ్వు ఊళ్ళు తిరిగే రోజులు. బట్టల వ్యాపారం తాజుద్దీన్ చాచా తన వ్యాను తెచ్చి మన ముందు ఆపాడు. తువ్వాలుతో ముందు సీటు తుడిచాడు. “ఎక్కు మరియం. నిఖా చేసుకుందాం. పాపను నా బిడ్డ మాదిరి సూసుకుంటా. ఇంకా యాల ఈ దుమ్ములో తిరగడం?” అన్నాడు. నువ్వు కాసేపు ఆయన మొహంలోకి చూశావు. “నక్కో” అన్నావు. వ్యాను వెళ్ళిపోయింది. ఆ పూట నాకు జిలేబీ కొనిపెట్టావు గానీ నువ్వు ముట్టుకోలేదు.

నూర్ బీకీ అదే ముగింపు రాశాను. రిసాల్దారు సవారీ బండి తెచ్చి “ఎక్కుతావా, లేదా?” అంటాడు. “నక్కో” అంటుంది. ‘బండి కదిలింది. దుమ్ము లేచింది.’ అక్కడితో సరి.

అచ్చుకు ముందు తప్పులు దిద్దే అమ్మాయి పేరు గీత. కోస్తా పిల్ల, చాలా శ్రద్ధ. మన ఉర్దూలో పొద్దున లేస్తే వాడే ఈ ‘వద్దు’ను ఆమె ఎప్పుడూ విని ఉండదు. పైగా పుస్తకంలో ముందెక్కడా నేను ఆ మాట వాడలేదు, చివరికని దాచిపెట్టుకున్నాను, అదీ నా తెలివి! అక్షరాలు తారుమారయ్యాయనుకుని ఆమె ‘నక్కో’ కొట్టేసి ‘ఎక్కుతా’ అని పెట్టింది. “చివరి పేజీలో టైపింగ్ పొరపాటుంది మేడమ్, సరిచేశాను, చూసి చెప్పండి. ఎంత బాగా ముగించారండీ, ఏడుపొచ్చేసింది” అని ఫోను చేసింది.

చూశాను. ఒక్క మాటే మారింది. నూర్ బీ బండెక్కింది, బండి కదిలింది, దుమ్ము లేచింది.

ఇన్నాళ్ళూ నోట్లోనే పెట్టుకున్నది ఇప్పుడు చెప్తున్నానమ్మీ. అది తప్పని తెలిసే, “అలాగే ఉండనీ గీతా” అన్నాను.

నా కోసమే నువ్వు ఆ వ్యాను ఎక్కలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎవరింట పెళ్ళికి వెళ్ళినా నువ్వొక్కదానివే గోడవారగా కూర్చునేదానివి, నాకు ముద్ద దిగేది కాదు. పుస్తకంలోనైనా ఎక్కితే బాగుండుననిపించింది. తుడిచిన ఆ సీటులో నిన్ను కూర్చోబెట్టుకుని మురిసిపోయాను. అంతా అచ్చుకు వెళ్ళాక ధైర్యం చేసి, ఆ రోజు ఎందుకు ఎక్కలేదని నీకు రాశాను. ముందే అడగాల్సింది.

నీ జవాబూ పుస్తకాల కట్టా ఒకే రోజు వచ్చాయి.

“నీ కోసం అనుకుంటివా, పిచ్చిదానా? నువ్వు ఆ వ్యాను ఎక్కల్లని ఏడిస్తివి. తాజుద్దీన్ మంచోడు. ఈ పొద్దుకూ మనసులో ఉండాడు. అయితే ఆ సీట్లో కూర్చుంటే యాడ దిగల్లో ఆయనే చెప్తాడు. నాకు యాడ కావాలంటే ఆడ దిగడం ఇష్టం. ఏడుపు తన్నుకొని వస్తాండాది, అయినా నక్కో అంటి. నా బతుకులో నేను గట్టిగా అన్న మాట అదొకటే. నీ పిల్లతో గూడా అదే అనిపించు” అని రాశావు.

కట్ట విప్పడానికి చేతులు రాలేదమ్మీ. ఏడుపు దిగమింగుకుని నువ్వన్న మాటను నేను జాలిపడి తీసేశాను. నీ మీద జాలిపడమని నన్నెవరు అడిగారు? గీతకు నిజం చెప్తే పాపం, తప్పంతా తనదేనని వెక్కి వెక్కి ఏడ్చింది. తప్పు నాదని ఎంత చెప్పినా వినదు. మళ్ళీ అచ్చేస్తే మారుస్తారట. మళ్ళీ వేస్తారో లేదో. నిన్న పెద్దమండ్యం నుంచి రెడ్డెమ్మ అని ఒకావిడ ఫోను చేసింది. “బండెక్కి మంచి పని చేసిందమ్మా. ఆడది ఒంటిగా ఎన్నాళ్ళని తిరుగుతాది?” అంది. ఆమె లెక్కన నువ్వు ఎక్కేశావు. నేను దించలేను.

నీకు పంపే పుస్తకంలో మాత్రం చివరి పేజీ తెరిచి, ఆ ‘ఎక్కుతా’ మీద వైట్‌నర్ పూశాను. సరైన మాట రాద్దామని పెన్ను కూడా తీశాను. ఇంకోసారి నీ మాట నేను రాయడమెందుకని ఆగిపోయాను. చోటు ఖాళీగా ఉంది. నువ్వే రాయమ్మీ. నీ అక్షరాలు పెద్దవి, చోటు చిన్నది. పక్క మాటల మీదికి వెళ్ళినా వెళ్ళనీ.

ఇట్లు,
అడక్కుండా నిన్ను బండెక్కించిన
నీ కూతురు
షాహిదా