మే ఆంటీ ఊరి మీద నీళ్ళు

మంగళవారం రాత్రి, కార్క్, ఐర్లాండ్

నేను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో మే ఆంటీ ఇవాళ కూడా ముద్ద ముట్టలేదు. చైనాలో ఆమె పుట్టిన కౌంటీ అంతా కొండలు, మధ్యలో ఒకే నది. దానికి ఆనకట్ట కట్టగానే పాత ఊరు మునిగిపోయింది. మా అమ్మమ్మ ఊరూ శ్రీశైలం నీళ్ళలోనే పోయింది. కాని అక్కడ వేసవిలో నీళ్ళు తగ్గితే ఇళ్ళ గోడలు బయటపడతాయి, మావాళ్ళు వెళ్ళి దీపం పెట్టి వస్తారు. ఆ అలవాటుతోనే మొన్న అనేశాను, "నీళ్ళు తగ్గాక మీ ఊరు కనిపిస్తుంది ఆంటీ." చైనాలో ఆ ఆనకట్ట నీళ్ళు ఎన్నడూ తగ్గవని ఆమె కొడుకు తర్వాత చెప్పాడు.

నేనా మాట అన్నప్పటినుంచి, ఊరు చూడ్డానికి వెళ్ళాలని కోటు వేసుకుని కిటికీ దగ్గరే కూర్చుంటోంది. బయట వాన. మతిమరుపులో ఆమెకు అవి ఊరు ముంచిన నీళ్ళే. "దీపా, నీళ్ళింకా పెరుగుతున్నాయి," అని నాతో చెప్పి ఏడుస్తుంది.

"షీ ఈజ్ గ్రాండ్," అంది నర్సు, బాగానే ఉందని ఇక్కడివాళ్ళు అనే మాట. గ్రాండా, నా మొహం.

రేపేం చెప్పను? వాన వెలిసిందని అబద్ధమాడదామన్నా, ఎదురుగా ఆ కిటికీ ఉందే...