గీతకు పైన చుక్కలు

ఏప్రిల్ 9
మునిరత్నం లెక్కలు మద్రాసు కంప్యూటరు నుంచి వచ్చాయి. మా గైడు సారు ఆ కాగితాలు కిటికీ దగ్గర పట్టుకుని ఎంతసేపు చూశారో! "ఏమబ్బా, ఇదంతా నువ్వే చేసినావా?" నా మూడేళ్ళ ప్రయోగాల మీద ఆ గొంతు ఒక్కసారైనా పలికిందా? నిన్నగాక మొన్న పుత్తూరు నుంచి వచ్చి రీసెర్చిలో చేరినవాడు. ఆసిడ్ పడి నా చీరలన్నీ చిల్లులు. వాడి చొక్కా మాత్రం మల్లెపువ్వు.

ఏప్రిల్ 11
కడుపుమంట. ఇంకేం రాయను.

ఏప్రిల్ 14
నా సెల్లులో, అంటే రాగి ద్రావణం, రేకులు పెట్టిన బీకరులో, కరెంటు పారుతుంటే రాగి అయాన్లు రేకు దగ్గరికి ఎంత వేగంగా చేరతాయి, అక్కడ రాగి పేరుకుంటుంటే హైడ్రోజన్ ఎంత కరెంటు పంచుకుపోతుంది — అంతా వాడి సమీకరణాల్లో ఉందట. ఆ లెక్క ప్రకారం కరెంటు ఎంత ఉండాలో గ్రాఫులో గీతగా గీశాడు. "నీ రీడింగులు ఈ గీత మీద పెట్టి చూడమ్మా" అన్నారు సారు. పెట్టాను. నా చుక్కలన్నీ గీతకు పైన! ఒక్కటీ తాకలేదు. ఎంత సంతోషమేసిందో... సిగ్గులేకుండా రాస్తున్నాను. హాస్టల్లో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ 15
"హైడ్రోజన్‌ను తక్కువ లెక్కేశాడు సార్" అన్నాను. మునిరత్నం నసిగాడు. "ఆ వోల్టేజీ కాడ అంత హైడ్రోజన్ రాదక్కా. బుడగలు యాడన్నా కనపడినాయా నీకు?" కనపడనంత సన్నవి అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నాడట! సారు నా మాటకే తల ఊపారు. మద్రాసు సదస్సుకు మా డిపార్టుమెంటు నుంచి ఒక్కరినే పంపుతారు.

ఏప్రిల్ 20
సారు నా పేరే పంపుతారట. మొదట వాడిని అనుకున్నారని అటెండరు చెప్పాడు. "ఆ పిల్లోడి లెక్క తప్పంట గదమ్మా." తిరుచానూరు వెళ్ళి అమ్మవారికి దండం పెట్టుకొచ్చాను. దండం పెడుతుంటే కూడా వాడే గుర్తొచ్చాడు, ఖర్మ.

ఏప్రిల్ 23
మధ్యాహ్నం కరెంటు పోయింది. మామూలే. నా సెల్లు బ్యాటరీ మీద నడిచేది కాబట్టి ఆపలేదు. నెత్తిమీద ఫ్యాన్ ఆగింది, అంతే... మీటరు ముల్లు దిగడం మొదలెట్టింది. దిగి, దిగి, ఒకచోట నిలబడింది. గ్రాఫులో చుక్క పెట్టాను. వాడి గీత మీద పడింది. సరిగ్గా!

కరెంటొచ్చింది. ఫ్యాన్ తిరిగింది. బీకరులో నీళ్ళు సన్నగా వణికాయి. ముల్లు మళ్ళీ పైకి.

ద్రావణం కదలదనుకుని వాడు లెక్క వేశాడు. నేనేమో ఉక్కకు తాళలేక ఈ రీడింగులన్నీ ఫ్యాన్ కిందే తీశాను. ఆ కుదుపుకే అయాన్లు ఎక్కువగా వచ్చి చేరుతున్నాయి. హైడ్రోజనూ లేదు, పాడూ లేదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

ఏప్రిల్ 24
చెప్పలేదు.

ఏప్రిల్ 25
చెబితే మద్రాసు వాడికి. సారు మళ్ళీ "ఏమబ్బా" అంటారు, వాడి మొహం వెలిగిపోతుంది... చూడలేను. నావల్ల కాదు.

ఏప్రిల్ 27
లైబ్రరీ మెట్ల మీద మునిరత్నం. కళ్ళు గుంటలు పడ్డాయి. "అంతా మొదట్నించి వేస్తా ఉండానక్కా. యాడో నేనే తప్పు చేసింటాను."

"నా రీడింగులే తప్పేమో" — ఎలాగో అనేశాను.

నవ్వాడు. "పో అక్కా! నీ చెయ్యి తప్పుతాదా? నిన్ను సూసే గదా నేనీడ చేరింది."

ఎంత తేలిగ్గా అనేశాడు! ఇన్నాళ్ళలో వాడి గురించి నా నోట ఒక్క మంచి మాట వచ్చిందా... ఇప్పుడు ఆ మనసు చూసి కూడా కుళ్ళుకుంటున్నాను. రేపు పొద్దున సారు మద్రాసుకు నా పేరు పంపుతారు.