కొండవాలు మీద ఇరవై మొక్కలు

పెద్దమ్మా,

ఈ ఉత్తరం వల్ల నీ బీపీకి, మన ఆదివారం మొక్కల బృందం పరువుకి, సమస్త వృక్షజాతికి కలగబోయే నష్టానికి ముందే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

క్వారీకి అనుమతి ఇవ్వాలో వద్దో తేల్చడానికి రేపు అధికారి కొండకి వస్తున్నాడు. మన అరుదైన ఊదాపూల మొక్కని కళ్లారా చూస్తేనే క్వారీ ఆపిస్తానన్నాడు. నువ్వేమో ఆ నొప్పి మోకాళ్లతో మూడు రోజులు వాలంతా గాలించి, ఒక్కటీ దొరక్క, "ఇరవై మొక్కల్నీ మేకలే మేసేశాయిరా" అని తేల్చేశావు. నిన్న మన రిటైర్డు పోస్ట్‌మాస్టరు గారు మేకలతన్ని పట్టుకుని, "నీ మందకి ఇంకెక్కడా గడ్డి పుట్టలేదా?" అని దులిపేశారు.

"నా మేకలు ఆ పక్కకే పోవు బాబూ," అని అతను మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. పక్కనే నిలబడి నేను కూడా గంభీరంగా తలూపాను.

రేపు అధికారి ముందు అతని పేరు ఎత్తకు పెద్దమ్మా. నువ్వు పెట్టిన నియమం నాకు కంఠతా వచ్చు: ఒకే చోట ఇరవై మొక్కలు లెక్కపెట్టాకే నమూనాకి ఒకటి కోయాలి. ఈ మొక్క దొరికిన రోజు మీరంతా కింద నీడలో ఆగిపోయారు, పై వాలుకి నేనొక్కణ్ణే ఎక్కాను. అంత అరుదైన మొక్కతో కిందికి దిగితే మీ అందరి మొహాలు ఎలా ఉంటాయో చూడాలనిపించింది.

మన బృందం లెక్కల పుస్తకంలో ఇరవై అని రాశాను. అక్కడ ఉన్నది ఒక్కటే. దాన్నే వేళ్లతో సహా పీకి తెచ్చి నీ చేతిలో పెట్టాను.