చేతులు మంచిగ వంగుతున్నయ్

పటాన్‌చెరు, ఆగస్టు 2002

సర్టిఫికెట్లు రాసే డాక్టరు గారికి శ్యామల తల్లి నమస్కారాలు.

పోయిన మంగళవారం వికలాంగుల శిబిరంలో మీరు మా ఎనిమిదేళ్ల పాప శ్యామలను చేతులు చాపమన్నారు. పాప వేళ్లను వెనక్కి విరిచి ముంజేతికి ఆనించింది. మీరు నవ్వి, "చేతులు గింత మంచిగ వంగుతున్నయ్, సర్టిఫికెట్ ఎందుకమ్మా" అన్నారు. వెనక లైనులో జనం ఉన్నారు, పాపను తీసుకుని పక్కకు జరిగాను.

పాపకు మాటలు రావు. హైదరాబాదులో చూసిన డాక్టరు ఆటిజం అన్నాడు, కీళ్లు కూడా వదులు, అందుకే అలా వంగుతాయన్నాడు. పెన్సిలు పట్టలేదు, నాలుగడుగులకే కూలబడుతుంది. మోచేతి కీలు రెండుసార్లు జారినా ఏడవలేదు. మీ కాగితం ఉంటేనే అలాంటి పిల్లల బడిలో చేర్చుకుంటారట.

తప్పు మాదే. బొల్లారం కంపెనీ దోస్తులు ఇంటికొచ్చినప్పుడల్లా పాప వాళ్ల నాయన, "బిడ్డా, ఏళ్లు వంచి సూపియ్యి" అనేవాడు. చెప్తే పాప చేసేది అదొక్కటే. వాళ్లు నవ్వి మెచ్చుకుంటే మాకూ సంతోషంగా ఉండేది. మీరు కూడా మా ఇంటికొచ్చే దోస్తుల్లో ఒకరే అనుకుంది.

ఇప్పుడు మేము అడగడం మానేశాం, పాప మానలేదు.

ఇంకోసారి చూస్తానంటే తీసుకొస్తాను. మీ ముందు మళ్లీ వంచుతుంది. అప్పుడు నవ్వకండి సార్. నవ్వితే ఇంకా వంచుతుంది.