ఉప్పుపిండి చెయ్యి

నవంబర్ 9, శనివారం

ఓషిల్డ్ ఇవాళ పాలు పితకడానికి వచ్చి, పని అయ్యాక కాఫీకి కూర్చుంది. మా ఆయన ఓడ్వార్‌కి నడుం పట్టేసినప్పటి నుంచి మా కొట్టంలో కొన్ని పూటలు తనే చూస్తోంది. లేచేటప్పుడు సంచిలోంచి ఒక టవల్ మూట తీసి బల్ల మీద పెట్టింది. తను విప్పలేదు. నన్ను విప్పమంది.

తీరిల్ చెయ్యి.

కిండర్‌గార్టెన్‌లో క్రిస్మస్‌కి పిల్లలందరి చేతా చేయించేదే. ఉప్పూ మైదా కలిపిన పిండిని బిళ్లలా వత్తి, అరచెయ్యి నొక్కించి, ఓవెన్‌లో ఆరబెట్టి, పైన చిల్లు పెట్టి ఎర్ర రిబ్బను కడతారు. మా పిల్లలవీ ఉండేవి. ఎప్పుడు పారేశామో గుర్తు లేదు.

తీరిల్ పోయి ఏడాదిన్నర. ఓషిల్డ్ కూతురు, నాలుగేళ్ల పిల్ల. మెదడువాపు జ్వరం. గురువారం కిండర్‌గార్టెన్‌కి వెళ్లింది, శనివారానికి లేదు.

బిళ్ల మెత్తబడుతోందట. వానలు మొదలైన దగ్గర్నుంచి ఉప్పు చెమర్చి, చిటికెన వేలి అంచు రాలుతోంది. గోడ మీంచి తీసి అలమారలో పెట్టినా అంతే. పైగా పిల్ల తండ్రి ఎయ్విన్ ఫోన్ చేశాడట. క్రిస్మస్‌కి ముందొచ్చే అడ్వెంట్ మొదటి ఆదివారం ట్రోండ్‌హైమ్ నుంచి వస్తాడు, కూతురి చెయ్యి తనకూ కావాలంటున్నాడు. విడిపోయినప్పుడు ఇంటి సామానంతా ఒక్క మాట పెంచుకోకుండా పంచుకున్నారు ఆ మొగుడూ పెళ్లాలు. దీని దగ్గర ఆగిపోయారు. అచ్చం అలాంటిదే ఇంకోటి చేయించి ఇస్తానని ఓషిల్డ్ మాట ఇచ్చేసింది.

చలికాలంలో నేను కొవ్వొత్తులూ సిమెంటు దీపపు గిన్నెలూ పోతపోసి చర్చి సంతలో పెడతానని ఈ లోయలో అందరికీ తెలుసు. పైన్ కాయల్లాంటివి ఏరి తెచ్చి, వాటి మీద సిలికాన్ రబ్బరు పోసి మోల్డులు నేనే చేసుకుంటాను. అందుకని నా దగ్గరికి తెచ్చింది. చేస్తానన్నాను.

ఆమె వెళ్లాక టవల్ మళ్లీ కప్పేశాను. అది బల్ల మీద ఉన్నంతసేపూ గిన్నెలు కడగడానికి చేతులాడలేదు.

నవంబర్ 10, ఆదివారం

నా వల్ల కాదని చెప్పాల్సింది. ఇవాళ చెప్పినా ఆలస్యం కాదు. చెప్పలేదు.

నవంబర్ 12, మంగళవారం

స్టోర్‌రూమ్‌లో టవల్ కింద ఏముందని ఓడ్వార్ అడిగాడు. చెప్పాను. బూట్లు విప్పుకుని, నడుం పట్టుకుని కూర్చుని, కాఫీ సగం తాగాడు.

"పైన్ కాయ చెడితే ఇంకోటి ఏరుకుంటావు. ఇది చెడితే ఎక్కడ ఏరుకుంటావు?" అన్నాడు.

మంచి మాట కాదు. అయినా నిజమే. సిలికాన్ సంగతి నాకు తెలుసు. నీళ్లు దూరని చోటికి కూడా దూరుతుంది. అందుకే వేలిముద్ర దాకా దింపుతుంది, అందుకే దాన్ని నమ్మకూడదు. ఒకసారి వార్నిష్ వెయ్యని చెక్క మీద పోస్తే పీచుతో సహా ఊడింది. ఇది చెక్క కూడా కాదు. పిండి.

ముందు టెస్ట్ చెయ్యాలి. కిండర్‌గార్టెన్‌లో వాడే పాళ్లలోనే ఉప్పూ మైదా కలిపి నా చెయ్యి నొక్కి ఓవెన్‌లో పెట్టాను. ఇల్లంతా రొట్టె వాసన. ఓడ్వార్ వెన్న అడిగాడు. నవ్వు రాలేదు.

నవంబర్ 14, గురువారం

టెస్ట్ బాగా వచ్చింది. రెండుసార్లు వార్నిష్, మీద పల్చగా వాజిలిన్, చుట్టూ పిల్లల పాత లెగో ఇటుకలతో గోడ. రెండు డబ్బాల సిలికాన్ సమంగా కలిపి, మొదటి పూత బ్రష్‌తో రాసి, మిగతాది ఒక మూల నుంచి సన్నటి ధారగా పోశాను. ఈ ఉదయం రబ్బరు చెప్పులా మెత్తగా, శుభ్రంగా లేచి వచ్చింది. నా చేతి గీతలన్నీ ఉన్నాయి. కత్తి తెగిన మచ్చ కూడా. పిండి ఒక్క రవ్వ రాలలేదు.

భయం కాస్త తగ్గింది. ఈ మాట రాశాక మళ్లీ పెరిగింది.

నవంబర్ 16, శనివారం, ఉదయం

తీరిల్ చేతికి నిన్న ఒక పూత, ఇవాళ ఒక పూత వార్నిష్ వేశాను. మొదటిసారి దగ్గరగా చూశాను. చూపుడు వేలు మిగతావాటి కంటే లోతుగా దిగింది. బొటనవేలు రెండుసార్లు నొక్కినట్టుంది. కదిలి ఉంటుంది, టీచరు మళ్లీ పట్టుకుని నొక్కించి ఉంటుంది. అరచేతి మధ్య నా బొటనవేలు పడితే చోటైపోతుంది.

అదే రోజు, సాయంత్రం

పోశాను.

బ్రష్ పెట్టబోతే చిటికెన వేలి అంచు మీద ఒక్క వెంట్రుక తగిలి పొడి రాలింది. వార్నిష్ వేసినా ఆ అంచు నిలవలేదు. బ్రష్ పక్కన పెట్టేశాను. మొదటి పూత వేలితోనే రాయాలనుకున్నాను. నా చేతులు చూసుకున్నాను. చలికి పగిలి, పొదుగులకు రాసే మందు వాసన వేస్తున్నాయి. ఈ చేతులతో ఆ చేతిని ముట్టుకోబుద్ధి కాలేదు. కొట్టంలోకి వెళ్లి, పాలు పితికేటప్పుడు తొడుక్కునే గ్లవ్స్ పెట్టెలోంచి కొత్త జత తెచ్చుకున్నాను.

ఒక్కో వేలూ నింపాను. చాలా నెమ్మదిగా. పసిపిల్లకి చలికి ముఖాన వాజిలిన్ రాసినట్టు. మీద మిగతాది పోశాను, బుడగ ఒక్కటి కూడా రాలేదు. ఇంత శ్రద్ధగా ఇంతవరకూ ఏదీ చెయ్యలేదు.

నవంబర్ 17, ఆదివారం

పైనుంచి నొక్కి చూస్తే గట్టిగానే ఉంది. లెగో ఇటుకలు తీశాను. సిలికాన్ దిమ్మ అంచు పట్టి ఎత్తాను.

దిమ్మ వచ్చింది. లోపలిది రాలేదు.

వేళ్ల నిండా, అరచేతి నిండా జిగురు. తేనెలా. నేను వేలితో రాసిన పూత రాసిన చోటే, రాసినట్టే ఉంది. దిమ్మ ఎత్తుతుంటే తీగలు తీగలుగా సాగింది. గీత అన్నది కనిపించడం లేదు. చెయ్యి ఆకారం ఒక్కటే, పైన మెరుస్తూ.

దూది పుల్ల పెట్టి ఒక అంచున తుడిచి చూశాను. జిగురుతోపాటు వార్నిష్, దానితోపాటు తెల్లటి పిండి వచ్చింది. ఆపేశాను.

షాపు నంబరు వెతికాను, ఆదివారం మూసి ఉంటుంది.

నవంబర్ 18, సోమవారం

సిలికాన్ అమ్మిన షాపుకి ఫోన్ చేశాను. కుర్రవాడిలా ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు. పాళ్లు అడిగాడు, గది వేడి అడిగాడు, వార్నిష్ పేరు అడిగాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నాడు. టెస్ట్ కుదిరి అసలుది కుదరలేదంటే రెండోసారి ఏం మార్చారని అడిగాడు.

ఏమీ మార్చలేదన్నాను. తర్వాత గ్లవ్స్ సంగతి చెప్పాను.

రబ్బరు గ్లవ్సా అన్నాడు. అవును. పాలు పితికేవి. రబ్బరులో ఉండే గంధకం తగిలితే ఈ రకం సిలికాన్ గట్టిపడదట. డబ్బా మీద రాసే ఉందట. చూశాను. ఉంది. నలుసంత అక్షరాల్లో, మూడు భాషల్లో.

ఎప్పటికీ ఆరదా అని అడిగాను. మామూలుగా ఆరదన్నాడు. ఎప్పుడైనా వేడి తగిలితే కొంత బిగుస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు, ఎవరూ కచ్చితంగా చెప్పలేరన్నాడు. కరిగించే మందులు పోస్తే పిండే పోతుందన్నాడు. పారేసి కొత్తది చేసుకోవడం తేలిక అన్నాడు. దేనికి పోశానో నేను చెప్పలేదు.

బిళ్లని పొయ్యి పక్కన అరుగు మీద పెట్టాను. గంటకోసారి పుల్ల గుచ్చి చూస్తున్నాను.

నవంబర్ 20, బుధవారం

ఓషిల్డ్ వంతు ఇవాళ. బిళ్లని స్టోర్‌రూమ్‌లో పై అరలో దాచి కొట్టంలోకి వెళ్లాను. అదే పెట్టెలోంచి గ్లవ్స్ తీసి, నోటితో గాలి ఊది, తొడుక్కుంది. నేను బకెట్ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను. ఏమైందని అడిగింది. నడుం అన్నాను. ఈ ఇంట్లో అందరికీ ఒకే నడుమా అంది.

చెయ్యి గురించి తనంతట తను అడగలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, తొందరపడకు, నిదానంగా చెయ్యమంది. గట్టిపడటానికి టైం పడుతుందన్నాను.

అబద్ధం చెప్పలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

నవంబర్ 23, శనివారం

ఓడ్వార్‌కి చూపించాను. వెక్కిరిస్తాడనుకున్నాను. వెక్కిరించలేదు. కళ్లద్దాలు తెచ్చుకుని చూశాడు. దాన్ని ముట్టుకోలేదు.

అడ్వెంట్ ఇంక వారమే. ఇంతసేపూ ఆలోచించి ఉంటాడు, భోజనాల దగ్గర చెప్పాడు.

"ఉప్పుపిండి కదా. చెమ్మకి దానంతటదే విరిగిందని చెప్పు. నమ్ముతుంది. నీ మీద కోపం ఉండదు, తన మీద తనకీ ఉండదు."

నా మేలు కోరి చెప్పిన మాటే. ఓషిల్డ్ మేలు కూడా కోరాడేమో. ఆమె కిందటి చలికాలం ఎలా ఉందో మేం చూశాం. కిరాణా కొట్లో పాల అర ముందు నిలబడి కదల్లేకపోతే ఓడ్వారే కారులో ఇంటికి దింపాడు. మళ్లీ అలా అయితే ఈసారి కారణం నేను.

పాత్రలు కడిగాక స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి బిళ్ల తీశాను. రెండు చేతుల్లో పట్టుకున్నాను. అర అంచుకి ఒక్క దెబ్బ చాలు. పెద్ద చప్పుడు కూడా రాదు.

తిరిగి పైన పెట్టేశాను. ఎందుకు పెట్టానో మంచి కారణం ఏదీ లేదు.

నవంబర్ 26, మంగళవారం

పుల్ల గుచ్చాను. అంటుకుంది.

నవంబర్ 30, శనివారం

చెప్పాను.

పాలు అయ్యాక లోపలికి రమ్మన్నాను. కోటు విప్పకుండానే కూర్చుంది. ముఖం చూసే కనిపెట్టి ఉంటుంది. బిళ్ల తెచ్చి ముందు పెట్టి, మొదటి నుంచి చెప్పాను. బ్రష్, పొడి రాలడం, గ్లవ్స్. డబ్బా మీద రాసి ఉండటం కూడా చెప్పాను. ఓడ్వార్ వేరే గదిలో రేడియో పెట్టుకున్నాడు. కాసేపటికి అదీ ఆపేశాడు.

ఓషిల్డ్ ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది. బిళ్లనే చూస్తూ ఉంది.

"ఆరదా?" అంది.

ఆరదన్నాను.

"ఎప్పటికీ?"

షాపులో కుర్రవాడు చెప్పిందే చెప్పాను. విన్నదో లేదో. మూడు వేళ్లు చాపి ఆ అరచేతిలో పెట్టింది. నేను ఆపబోయాను. తను వినలేదు. వేళ్లు తీస్తే జిగురు పట్టుకుంది, సాగింది, చిన్న చప్పుడుతో వదిలింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తీసింది. ఎన్నిసార్లో. మతి పోయిందేమో, ఎవరిని పిలవాలి అనుకున్నాను. ఓడ్వార్‌ని పిలవబోయాను కూడా.

అప్పుడంది, నాతో కాదు, బిళ్లతోనే:

"ఇలాగే ఉండేది. ఎప్పుడు చెయ్యి పట్టుకున్నా ఇలాగే. జామో, చీమిడో. కడుక్కోమని తిట్టేదాన్ని."

టవల్ కప్పితే అంటుకుపోతుంది కాబట్టి అలాగే, రెండు చేతుల మీద పెట్టుకుని, మంచులో కారు దాకా నడిచింది. తలుపు నేను తీశాను. పక్క సీట్లో పెట్టి బెల్టు తగిలించింది. వెళ్లొస్తానని అనలేదు. సోమవారం వస్తుందో రాదో అడిగే ధైర్యం లేకపోయింది.

డిసెంబర్ 2, సోమవారం

వచ్చింది.

గ్లవ్స్ పెట్టె మార్చేశాను, నీలం ప్లాస్టిక్‌వి తెప్పించాను. చూసి, తొడుక్కుంది. ఆవుల మధ్య వంగి, పొదుగులు తుడుస్తూ, నిన్నటి సంగతి తనే చెప్పింది.

ఎయ్విన్ వచ్చాడట. అడ్వెంట్ కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటే, బిళ్ల చూసి మండిపడ్డాడట. ఈ గలీజేంటి, ఎవరి చేతుల్లో పెట్టావు, అంత తొందరేమొచ్చింది అన్నాడట. ఓషిల్డ్ వాదించలేదు. చెయ్యి పెట్టు అందట. పెట్టనన్నాడు. పెట్టు అందట. పెట్టాడు. నిప్పు తగిలినట్టు లాక్కున్నాడు. సింకు దగ్గరికి వెళ్లి సబ్బుతో కడిగాడు, గిన్నెల సబ్బుతో కడిగాడు, బ్రష్‌తో తోమాడు. అది సబ్బుకి పోయే రకం కాదు. కోటు వేసుకుని, రెండు వేళ్లు పైకెత్తి పట్టుకునే స్టీరింగ్ తిప్పుకుంటూ వెళ్లిపోయాడట.

"తన వాటా తను తీసుకెళ్లాడు," అంది.

నవ్వింది. తీరిల్ పోయాక ఓషిల్డ్ నవ్వు వినడం ఇదే మొదటిసారి. ఆవు ఒకటి తల తిప్పి చూసింది. నాకు నవ్వు రాలేదు. ఆ నవ్వులో ఏముందో ఇంకా తెలియదు.

డిసెంబర్ 13, శుక్రవారం

ఓషిల్డ్ ఫోన్ చేసింది. చలి ముదిరి పొయ్యి ఆర్పకుండా మండిస్తోందట. ఆ వేడికి బిళ్ల మీది జిగురు గట్టిపడిపోతుందా అని అడిగింది. చూపుడు వేలి దగ్గర ఇవాళ కాస్త తక్కువ అంటుకుందట. పొయ్యి ఆర్పేయమంటావా అంది.

గట్టిపడదు అన్నాను.

నాకు తెలియదు.